ఎడమకి చుట్టిన కండెలు

ఫిబ్రవరి 4

నాన్నగారికి,

ఆరేళ్ళ తర్వాత రాస్తున్నాను. పనిపడి రాస్తున్నాను. అది ముందే చెప్పడం మంచిది.

మా కార్ఖానాకి ఒక పాత లేసు కాలరు బాగుచేతకి వచ్చింది. వందేళ్ళ పైబడినది. భుజం దగ్గర అరచెయ్యంత మేర ఎలుకలు కొట్టేశాయి. చుట్టూ పువ్వులూ ఆకులూ నిలిచాయి. వాటి మధ్యనుండే వల పోయింది. అది అమ్మ అల్లే తేనెపట్టు గళ్ళ వల. అమ్మ నాకు ఆకులు నేర్పింది, అంచులు నేర్పింది. ఆ వల దగ్గరికి వచ్చేసరికి మంచం పట్టింది.

నాకు రెండు సంగతులు కావాలి. ఆ వలకి అమ్మ ఏ దారం వాడేది? అంత సన్నటి దారం తెగకుండా ఏం చేసేది? ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది.

మార్చి ఇరవైన కాలరు సొంతదారు వస్తుంది. ఇక్కడ లేసు పనికి నలుగురం ఉన్నాం. ఇకమీదట ఒక్కరినే ఉంచుతారట. ఈ కాలరు నిలబెట్టినవాళ్ళే ఆ ఒక్కరు. ప్రస్తుతం అది నేను లేసు అల్లే దిండు మీద ఉంది. నాకు నలభై రెండేళ్ళు. ఇది తప్ప మరో పని రాదు.

ఆ రెంటికీ జవాబు రాస్తే చాలు. మిగతా విషయాలేవీ వద్దు.

మీ కూతురు


ఫిబ్రవరి 7

నా బంగారుతల్లికి, నా పిచ్చుకకి, నీ నాన్న దీవించి, అది చాలక మళ్ళీ దీవించి రాయునది.

అందింది తల్లీ, నీ ఉత్తరం అందింది! ఉత్తరాలాయన గుమ్మంలో నిలబడి "మీకే" అన్నాడు. "నాకెవరు రాస్తారయ్యా, పక్కింటి వాళ్ళదై ఉంటుంది చూడు" అన్నా. కవరు చేతిలో పెట్టాడు. అక్షరం చూశా. అంతే. చేతిలో తరిమెన మీద తిప్పుతున్న కుర్చీకాలు ఉంటే అదీ పట్టుకునే వీధిలోకి పరిగెత్తా. మన ముందు గదిలో చెప్పులు కుట్టుకునే బావ అరిచాడు: "ఏం బావా, ఎవర్ని కొట్టడానికి?" "కొట్టడానికి కాదురా, ముద్దెట్టుకోడానికి" అన్నా. "అయితే నా జోలికి రాకు" అన్నాడు. నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది, దగ్గులో ఏడుపొచ్చింది. ముసలాళ్ళకి ఈ మూడింటికీ ఒకటే గొంతు.

ఉత్తరం మూడుసార్లు చదివా. నాలుగోసారి బావకి వినిపించా. చదువు తక్కువ వాణ్ణి, తప్పులుంటే మన్నించు. నన్ను "మీరు" అన్నావు. ఎవరో పెద్దమనిషికి రాసిన ఉత్తరం పొరపాటున నాకొచ్చిందేమో అని ఒక క్షణం చూసుకున్నా. ఫరవాలేదమ్మా. మీరు అను, వారు అను, ఏదో ఒకటి అన్నావు, అది చాలు.

నలభై రెండా నీకు! నా లెక్కలో నువ్వింకా ముప్పై ఆరు దగ్గరే ఆగిపోయావు. కళ్ళద్దాలు వచ్చాయా? ఆ కార్ఖానాలో వెలుతురు ఎటునుంచి వస్తుంది? తింటున్నావా? మీ అమ్మలాగే పనిలో పడి పొద్దున వండింది సాయంత్రం చూసుకుంటున్నావా?

నా ఆరోగ్యం గుండ్రాయిలా ఉంది. కుడిచెయ్యి కాస్త వణుకుతుంది. ఈ నెలలో లేసు దారం చుట్టడానికి తిప్పిన చెక్క కండెలు కొంచెం గర్భంతో ఉన్నట్టున్నాయి అన్నాడు కొన్నాయన. ఆయనకేం తెలుసు.

అసలు సంగతి. మీ అమ్మ తేనెపట్టుకి నూలు దారం వాడేది కాదు. నార దారమే. ఒంటిపేట కాదు, రెండు సన్నటి పేటలు కలిపి మెలేసినది. నూలు మెత్తన, ఆ వల కన్నం గుండ్రంగా సాగిపోతుంది, నారయితేనే ఆరు మూలలూ నిలబడతాయి అనేది. తడిగుడ్డలో చుట్టి ఉంచేది. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం.

రెండోది రాద్దామంటే కాగితం అయిపోయింది. నువ్వు వెంటనే రాయి, నేనూ వెంటనే రాస్తా.

నిన్ను చూడకపోయినా చూసినంత సంబరంలో ఉన్న
నీ నాన్న


ఫిబ్రవరి 11

నాన్నగారికి,

కాగితం అయిపోతే ఇంకో కాగితం తీసుకోవచ్చు. నాకున్న రోజులు ముప్పై ఏడు.

నార దారం విషయం సరిగ్గా సరిపోయింది. భూతద్దం కింద పెట్టి చూశాను. కాలరులోదీ రెండు పేటలదే. మా సామాను గదిలో అలాంటి సన్నటి దారం ఒక్క చిలపే, అంటే ఒక్క చుట్టే ఉంది. కానీ అది తెగుతోంది. ముప్పై ఎనిమిది జంటలు, అంటే డెబ్భై ఆరు కండెలు వేలాడుతున్నాయి. గుండుసూది గుచ్చుతాను, జంటకి జంట దాటిస్తాను, మెలేస్తాను, మొదటి రెండు వరసలు బ్రహ్మాండంగా వస్తాయి. కండె తిప్పి కాస్త దారం వదులుతాను. ఆ చోటే పేటలు విడిపోయి పిల్లి మీసాల్లా పైకి లేస్తాయి. ఇంకో రెండు వరసలకి తెగుతుంది. నిన్న ఒక్కరోజే పదమూడు తెగాయి. తడిగుడ్డ పెడుతూనే ఉన్నాను.

మీకు మా గది తెలియదు కాబట్టి చెబుతున్నాను. పొడవాటి గది, ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీలు, నాలుగు బల్లలు. రెండు బల్లలు ఈ వారంలోనే ఖాళీ అయ్యాయి. మూడోదాని మీద పక్క బల్లావిడ కూర్చుంటుంది, నాకన్నా పదేళ్ళు చిన్న. నా దారం తెగిన ప్రతిసారీ తల ఎత్తదు. ఎత్తకపోవడం నాకు వినిపిస్తుంది. కార్ఖానా నడిపే మేడం రోజుకి రెండుసార్లు వచ్చి నా వెనక నిలబడుతుంది.

ఒక అబద్ధం చెప్పాను. ఈ వల మా అమ్మ నాకు నేర్పిందని చెప్పాను. అలా చెప్పకపోతే కాలరు నా దిండు మీదికి వచ్చేదే కాదు.

అమ్మ దారం తెగకుండా ఏం చేసేది? దయచేసి ఈసారి పూర్తిగా రాయండి.

మీ కూతురు


ఫిబ్రవరి 14

నా పిచ్చుకకి, వెయ్యి దీవెనలతో.

రెండో ఉత్తరం! వారం తిరిగేసరికి రెండు! ఉత్తరాలాయన నన్ను చూసి "ఏంటి పెద్దాయనా, ఈ మధ్య గుమ్మంలోనే కాపురం పెట్టారు" అంటున్నాడు. అననీ.

తల్లీ, నలుగురిలో ఒక్కర్నే ఉంచుతారు, కాలరు నీ దిండు మీద ఉంది, అంటే ఏమిటి దానర్థం? నిన్ను పెద్ద మేస్త్రిని చేసేశారన్నమాట! నువ్వు బిడియస్తురాలివి, తిన్నగా చెప్పవు. నేను అర్థం చేసుకోలేననుకున్నావా? నా నోట్లో నువ్వు గింజ నానదని తెలుసుగా. బావకి చెప్పా. ఇస్త్రీ బండి అమ్మాయికి చెప్పా. పాలాయనకి చెప్పా. ఆయన "మీ అమ్మాయి మేస్త్రా, ఇళ్ళు కడుతుందా?" అన్నాడు. "ఇల్లు ఎవడైనా కడతాడయ్యా, మా అమ్మాయి కన్నాలు కడుతుంది" అన్నా. బావతో సహా ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ మేడంగారికి నా నమస్కారాలు చెప్పు. నీ వెనక వచ్చి నిలబడుతుందంటే నీ పనితనం చూసి మురిసిపోవడానికే.

మీ అమ్మ తెగిన దారం మీద ఎప్పుడూ విసుక్కోలేదు. నా మీద విసుక్కునేది. దారం దగ్గర మాత్రం చంటిపిల్ల దగ్గర కూర్చున్నట్టు కూర్చునేది. అబద్ధం చెప్పానని బాధపడకు. మీ అమ్మ నేర్పినట్టే లెక్క. బతికుంటే నేర్పేదిగా.

సరే, నీ ప్రశ్న. తెగకుండా ఏం చేసేదంటే, మైనం. అవును తల్లీ, మైనం. చిన్న ఉండ ఒళ్ళో పెట్టుకుని, కండెకి చుట్టే ముందు దారాన్ని దానిమీంచి ఒక్కసారి లాగేది. ఒక్కసారే. ఎక్కువైతే బిరుసెక్కుతుంది. మైనం పట్టిన దారం పేటలు విడవదు. ఏనుగు లాగినా తెగదు.

నీకోసం పన్నెండు కండెలు కొత్తగా తిప్పుతున్నా. చెయ్యి వణక్కుండా మోచెయ్యి కింద ఇటుక పెట్టుకున్నా. కూతురు అడిగితే చెయ్యేమిటి, ప్రాణమే నిలకడగా ఉంటుంది. (నువ్వు అడగలేదనుకో.)

ఇంకా ఏమన్నా అడుగు. తడుముకోకుండా అడుగు.

మీ అమ్మ దిండు పక్కన కూర్చుని ఇది రాస్తున్న
నీ నాన్న


ఫిబ్రవరి 21

నాన్నగారికి,

మైనం పనిచేసింది!

మొదటి రోజు నమ్మలేదు. రెండో రోజు రెండే తెగాయి. నిన్న ఒక్కటీ తెగలేదు. మూడు వేళ్ళ వెడల్పు వల నిలబడింది. అద్దం లేకుండా చూస్తే పాతదేదో కొత్తదేదో తెలియదు. మేడం చూసి "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అంటే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టినట్టు. నిన్న నాలుగు వారాల తర్వాత ఆకలేసి తిన్నాను.

నన్ను మేస్త్రిని చేశారని వీధంతా చాటకండి. చెయ్యలేదు. ఓడిపోతే ఇంటికి పంపేస్తారు, అంతవరకే నిజం. కానీ ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. ఇరవయ్యో తారీఖు దాటితే మళ్ళీ మనిషినవుతాను.

కండెలు అందాయి. బాగున్నాయి. తేలికగా ఉన్నాయి.

ఇక ఒక్కటే మిగిలింది. కొత్త వలని పాత అంచుకి కలపాలి. ముడి వేస్తే అద్దంలో బొడిపెలా కనిపిస్తుంది. పాత దారం ముట్టుకుంటే పొడిరాలేలా ఉంది. దారం అయిపోయినప్పుడు అమ్మ కొత్త దారం ఎలా కలిపేది? నేను ఎప్పుడు చూసినా ఆ చోటు నాకు దొరికేది కాదు. దిండు తిరగేసి వెతికేదాన్ని. అమ్మ నవ్వేది. మీకు చూపించే ఉంటుంది.

ఈ ఒక్కటీ చెప్పండి నాన్నా.

మీ కూతురు


ఫిబ్రవరి 24

నా చిట్టితల్లికి, నా కంటివెలుగుకి,

"నాన్నా" అన్నావు! చివర్లో, చుక్కకి ముందు! వేలు పెట్టి బావకి చూపించా. "చూశాలే బావా, కాగితం చిరుగుతుంది, వేలు తియ్యి" అన్నాడు.

ఇరవై దాటితే వస్తున్నావన్నమాట. ఇంకేం కావాలి నాకు! ఇవాళ నీ గది తలుపు తీశా. మేకులూ చెక్కముక్కలూ అన్నీ బయట పడేశా. గోడకి సున్నం వేయిస్తున్నా. కిటికీ రెక్క ఒకటి బిగుసుకుపోతే చిత్రిక పట్టా. మంచం ఎటు పెట్టమంటావు? నీకు కాళ్ళవైపు వెలుతురు ఉంటే నిద్ర పట్టదు కదా, అటు తిప్పి పెట్టిస్తా. ఏ బండికి వస్తావో రాయి. నేనొస్తా ఎదురు. కర్ర వద్దు, గొడుగు వద్దు, ఉత్త చేతులతో వస్తా, నీ పెట్టె పట్టుకోవాలిగా.

మైనం పనిచేసిందంటే నా గుండె ఇంతైంది. చూశావా, మీ నాన్న ఊరికే పక్కన కూర్చోలేదు.

కొత్త దారం కలిపే సంగతి. ఆహా, అది చాలా నాజూకు వ్యవహారం తల్లీ. మీ అమ్మ చేతివాటం అంతా దాన్లోనే. దాన్ని గబగబా రాసి పాడుచేయడం నాకిష్టం లేదు. బాగా గుర్తు చేసుకుని వచ్చే ఉత్తరంలో విడమరిచి రాస్తా. ఈలోపు మంచం ఎటు పెట్టాలో రాయి.

సంతోషంతో నిద్రపట్టని
నీ నాన్న


మార్చి 4

నాన్నా,

మంచం ఎటైనా పెట్టుకో. నేను రావట్లేదు. వస్తానని ఎప్పుడు రాశాను?

నువ్వు చెప్పేదాకా ఆగలేక కలిపే చోటు వదిలేసి, అల్లినంత మేరా శుభ్రం చేద్దామంది మేడం. గోరువెచ్చటి నీళ్ళ పళ్ళెంలో కాలరు పరిచాం. గంటకి పాతదంతా పాలరంగుకి తేలింది. నేను అల్లిన నాలుగు వేళ్ళ మేర మాత్రం మట్టిరంగులో మిగిలింది. పది రోజుల దుమ్మంతా మైనం పట్టుకుంది. నా వేలిముద్రలతో సహా. ఎన్ని నీళ్ళు మార్చినా వదల్లేదు. తెల్లటి మొహం మీద మాసిన పట్టీలా ఉంది.

మేడం ఒక దారం పట్టకారుతో లేపి వేళ్ళ మధ్య నలిపింది. వాసన చూసింది. "దీనికి ఏం పూశావు?" అంది. చెప్పాను. "మీ అమ్మ లేసు దారానికి మైనం పూసేదా? లేసు అల్లేదా, చెప్పులు కుట్టేదా?" అంది. పక్క బల్లావిడ మొదటిసారి తల ఎత్తింది.

చెప్పులు అనగానే నాకు మన ముందు గది గుర్తొచ్చింది నాన్నా. ఒళ్ళో మైనం ఉండ పెట్టుకుని దారాన్ని ఒక్కసారి లాగేది ఎవరు?

అల్లిందంతా నేనే విప్పేశాను. విప్పుతుంటే పాత అంచు రెండు చోట్ల ఊడింది. కన్నం ఇప్పుడు ముందుకన్నా పెద్దది. పదహారు రోజులున్నాయి. మైనం లేని దారం మళ్ళీ తెగుతోంది. నిన్న పదిహేడు. చిలపలో మిగిలింది సగం. ఇవాళ దిండు ముందు కూర్చుంటే కళ్ళు కనబడలేదు. చూపు పోయిందేమోనని భయమేసింది. ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది.

అమ్మ దిండు మీద సగంలో ఉన్న ఆ వల ఉండి ఉంటే నిన్ను అడిగే ఖర్మ నాకు పట్టేది కాదు. దాన్ని చూసే అన్నీ నేర్చుకునేదాన్ని. అమ్మ పోయాక నేను దాన్ని పూర్తి చేస్తానని, చేసి దాచుకుంటానని నీకు చెప్పాను. దిండు మీద కప్పడానికి దుప్పటి కోసం పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి కత్తెరతో అన్ని దారాలూ కోసేసి నిలబడ్డావు. ఎందుకు కోశావని ఆరేళ్ళుగా నిన్ను అడగలేదు. ఇప్పుడూ అడగను.

అమ్మ మైనం వాడిందా లేదా? ఒక్క మాటలో చెప్పు.


మార్చి 7

అమ్మా,

వాడలేదు.

నీ ఉత్తరం అందిన గంటకి ఇది రాస్తున్నా. ఇవాళే వెళ్ళే తపాలా సంచీలో పడాలి.

నువ్వు మొదటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. రెంటికీ ఒకేసారి జవాబు రాస్తే ఇక నీకు నాతో పనేముంది? అందుకని ఒకటి రాసి ఒకటి ఆపుకున్నా. కాగితం అయిపోలేదు. వెనకవైపు మొత్తం ఖాళీ. ఆ రెండోది నాకు తెలియదు కూడా. తెలియదని రాస్తే మళ్ళీ రాయవు. కలం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నా. ఎదురుగా బావ దారానికి మైనం పడుతున్నాడు. అది రాసేశా. రాశాక నాకే అది నిజమనిపించింది. మీ అమ్మ ఒళ్ళో మైనం ఉండ నాకు కనబడింది కూడా. సంతోషంలో ఉన్న ముసలాడు ఎంతకైనా తెగిస్తాడని నాకిప్పుడే తెలిసింది. బావకి చెబితే సూది కింద పెట్టి "నా మైనం పెట్టి నీ కూతురి గొంతు కోశావా బావా" అన్నాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. సబబే.

మూడోది, దారం కలపడం, అది నాకు తెలుసు. తెలిసీ ఆపా. నువ్వు వస్తావనుకుని, వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పొచ్చని ఆపా. రాస్తున్నా చూడు. ముడి లేదు. ఎక్కడా లేదు. పాత దారం ఇంకా బతికి ఉండగానే కొత్తదాన్ని దాని పక్కన పెట్టి, రెంటినీ ఒకే దారంగా పట్టుకుని ఆరు గుండుసూదుల దాకా కలిపి నడిపించేది. ఏడోదాని దగ్గర పాతదాన్ని వెనక్కి వదిలేసేది. దిండు దించాక తోక కత్తిరించేది. పాతది పొడిరాలే దారమైతే తొమ్మిది సూదులు నడిపించు. అంచులో నడిపించు, కన్నాల్లో కాదు.

తెగకపోవడం గురించి ఇవాళ చేసింది చెబుతా. మీ అమ్మ పక్కన ముప్పై ఏళ్ళు నేను చేసిన పనేమిటి? కబుర్లు చెప్పడం, కండెలకి దారం చుట్టివ్వడం. చుట్టడం కూడా ఒక పనేనా అనుకునేవాణ్ణి. అందుకే ఎప్పుడూ రాయలేదు. ఇవాళ నాకు తెలిసిందంతా రాద్దామని కూర్చుని, ఒక ఖాళీ కండె చేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నా. చెయ్యి దానంతటదే ఎడమకి తిరిగింది. బయటివాళ్ళకి కండెలు అమ్మేటప్పుడు చుట్టి చూపించేవాణ్ణి, అప్పుడు కుడికే చుట్టేవాణ్ణి. అందరూ కుడికే చుడతారు. మీ అమ్మకి మాత్రం ఎడమకి. ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో కుడికి చుట్టిస్తే "పేటలన్నీ విడగొట్టి ఇచ్చావు, ఇది దారమా, దూదా?" అని కండె నా మొహాన కొట్టింది. కండె తిప్పి దారం వదిలినప్పుడల్లా దారం కూడా ఒక చుట్టు తిరుగుతుంది తల్లీ. ఆ నార మెలి ఎటుందో దానికి ఎదురు తిరిగితే పేట విడుతుంది, దానివైపే తిరిగితే ఇంకా బిగుస్తుంది. నువ్వు కుడికి చుట్టి ఉంటావు. నువ్వు వదిలిన ప్రతిసారీ దాన్ని నువ్వే విప్పుతున్నావు. బావ దగ్గర రెండు పేటల నార అడిగి తీసుకుని (మాట్లాడకుండా విసిరాడు) రెండు కండెలకి రెండు వైపులా చుట్టి చూశా. కుడిది పదో తిప్పుకి పీచు లేచింది. ఎడమది లేవలేదు. రెండూ కవర్లో పెడుతున్నా. నా మాట నమ్మొద్దు, చూసి నమ్ము.

కండె తల, అదే దారం చుట్టే కొస, నీ ఎడమచేతిలో పెట్టుకో, తోక కుడివైపు ఉండాలి. దారం పైనుంచి నీ వైపుకి కిందికి రావాలి. అవతలికి కాదు.

నాకు తెలిసింది ఇంతే. ఇంకేమీ మిగల్చలేదు. కాగితం రెండువైపులా నిండింది.

కోసిన సంగతి. నువ్వు అడగనన్నావు. అడక్కపోయినా రాస్తున్నా, ఇక రాసే అవకాశం ఉండదు కాబట్టి. ఆ రోజు కిటికీ తీసి ఉంది. దిండు మీంచి కండెలు వేలాడుతున్నాయి. గాలికి ఒకదానికొకటి తగిలి టకటకా టకటకా అన్నాయి. నేను వరండాలో ఉన్నా. అల్లుతోంది అనుకున్నా. లేచి లోపలికి వచ్చా. లేదు. వెళ్ళి కూర్చున్నా. మళ్ళీ టకటక. మళ్ళీ వచ్చా. కిటికీ మూసేస్తే పోయేది, అది నా బుర్రకి తట్టలేదు. మూడోసారి కత్తెర తీసుకున్నా. నువ్వు పూర్తి చేస్తానన్న మాట గుర్తుంది. గుర్తుండే కోశా. ఇంకెవరి చేతిలోనూ ఆ చప్పుడు వినలేననిపించింది.

జవాబు రాయనక్కర్లేదు. కూర్చుని కండెలు చుట్టుకో. నాకు రాసే సమయంలో రెండు చుట్టొచ్చు.

నాన్న


మార్చి 23

నాన్నా,

నీ ఉత్తరం పదో తారీఖున అందింది. నువ్వు పంపిన రెండు కండెలూ అద్దంకింద పెట్టి తిప్పి చూశాను. అప్పుడే లేచి డెబ్భై ఆరు కండెలూ విప్పి ఎడమకి చుట్టాను. ఒకటిన్నర రోజు పట్టింది. మేడం చూసి నాకు మతి పోయిందనుకుంది.

ఆ తర్వాత ఒక్కటి కూడా తెగలేదు. ఎనిమిది రోజుల్లో ఒక్కటి కూడా. తొమ్మిది సూదుల దాకా జంటగా నడిపించాను. కలిపిన చోటు మర్నాడు పొద్దున నేనే వెతుక్కుని దొరక్క దిండు తిరగేశాను.

కానీ సరిపోలేదు నాన్నా. ఇరవయ్యో తారీఖు పొద్దున కాలరు సొంతదారు మెట్లెక్కుతుంటే ఇంకా రెండు వేళ్ళ మేర ఖాళీ ఉంది. పదిహేను గంటల పని. మేడం అద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఇందులో ఏది వందేళ్ళదో, ఏది నీదో నాకే తెలియట్లేదు. కానీ సగం పనికి నేను ఆవిడకేం చెప్పను?" అంది. సొంతదారు నాలుగు రోజులు గడువిచ్చింది. మేడం ఇవ్వలేదు. మైనం సంగతి మర్చిపోలేదు. దిండు పక్క బల్లావిడకి అప్పగించమంది.

ఒక్క దారం కూడా కొయ్యకుండా, వేలాడే కండెలతో అలాగే ఎత్తి ఆవిడ బల్ల మీద పెట్టాను. కండెలు ఎటు చుట్టాలో చూపించాను. ఆవిడ నేర్చుకుంటూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నెలాఖరు దాకా ఇస్త్రీ బల్ల దగ్గర ఉండమన్నారు. ఆ తర్వాత ఎక్కడో తెలియదు. లేసు పనికి ఇంకెక్కడా మనుషుల్ని పెట్టుకోవట్లేదు. అడిగొచ్చాను.

నీ మైనం లేకపోతే ఆ పది రోజులు మిగిలేవి. నువ్వు మొదటి ఉత్తరంలోనే తెలియదని రాసి ఉంటే నేను మళ్ళీ రాసేదాన్ని కాదు, ఎడమకి చుట్టడం నాకెప్పటికీ తెలిసేది కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఏది బరువో తేలడం లేదు. నీ మీద కోపం పోయిందని రాయలేను. అబద్ధాలు మనిద్దరికీ ఇక చాలు.

ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను దుప్పటి కోసం వెళ్ళి వచ్చేసరికి నువ్వు కోసేశావని రాశాను. దుప్పటి ఇంకా చేతికి అందలేదు. పక్క గదిలో అలమర ముందు నిలబడి ఉన్నాను. నాకూ టకటక వినిపించింది. అమ్మ లేచింది అనుకున్నాను. ఖాళీ చేతులతో పరిగెత్తుకొచ్చాను. గుమ్మంలోకి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. నీ చేతిలో కత్తెర ఉంది.

ఈ ఉత్తరంలో నిన్ను అడగాల్సిందేమీ లేదు. ఇస్త్రీ బల్ల దగ్గర మధ్యాహ్నం పని ఉండదు. ఊరికే రాస్తున్నాను.

నీ కూతురు